లెక్కలోకి రాని నాలుగు

ప్రియమైన వదినకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటి అనుకుంటావు. ఫోన్లో అయితే మూడో మాటకే నీ గొంతు మారిపోతుంది. నేను నాలుగో మాట మానేసి నిన్ను ఓదార్చడం మొదలుపెడతాను. చివరికి చెప్పాలనుకున్నది చెప్పకుండానే పెట్టేస్తాం. ఉత్తరమైతే నువ్వు ఏడ్చినా నవ్వినా నా మాట చివరిదాకా వస్తుంది. అచ్చుతప్పులుంటే సర్దుకో. నేను టైపు చేసిందంతా ఈ కంప్యూటరు నాకు చదివి వినిపిస్తుంది గానీ దానికి తెలుగంటే పెద్ద గౌరవం లేదు. "వదిన" అన్న మాటని ఏదో దగ్గుమందు పేరు పలికినట్టు పలుకుతుంది.

నేను బాగున్నాను. ఉద్యోగం బాగుంది. ఆసుపత్రి డాక్టర్లు గొణిగి పంపినవన్నీ చెవిలో పెట్టుకుని రిపోర్టులుగా టైపు చెయ్యడమే పని. చూపు లేదని ఇక్కడ నన్నెవరూ చిన్నచూపు చూడరు. మా గదిలో అందరికంటే వేగంగా కొట్టేది నేనే. వంటా నేనే చేసుకుంటున్నాను. ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ వేరువేరు మూతలు పెట్టుకున్నాను. అయినా ఒకరోజు టీలో ఉప్పు పడింది. ఎవరికి చెప్పుకోను, తాగేశాను.

అసలు విషయం ఇది. నేను పరుగెత్తుతున్నాను. "దీనికేమైనా పిచ్చి పట్టిందా" అని నువ్వు అంటావు, పేపరు దించకుండానే "ఎప్పుడు లేదు గనక" అని అన్నయ్య అంటాడు. మీ ఇద్దరి గొంతులూ నాకిప్పుడే వినిపిస్తున్నాయి. కానీ నిజం. ఆఫీసు ఎదుట మందుల షాపుకి మెడనొప్పికి మాత్రలు కొనడానికి వెళ్ళాను. షాపాయన మాత్రలు ఇవ్వకుండా, "మీకు కావలసింది ఇది కాదమ్మా. పొద్దస్తమానం కుర్చీలో ఉంటారు, కదలాలి. ఆదివారం పొద్దున పార్కుకి రండి, మాకో పరుగుల క్లబ్బు ఉంది" అన్నాడు.

"నాకు కనబడదండీ" అన్నాను.

"మాలో సగం మందికి కళ్ళజోడు తీస్తే కనబడదు. రండి."

బేరాన్ని తన్నేసుకునే వ్యాపారిని నేను అదే మొదటిసారి చూడడం. ఆయన్ని క్లబ్బులో పాయింట్ల పంతులుగారంటారు. ఎందుకంటే ఏడాది పొడుగునా అందరి పాయింట్లూ లెక్కకట్టేది ఆయనే. ఆ లెక్క నీకు చెప్పాలి, లేకపోతే నా సంతోషం నీకు అర్థం కాదు.

ఇది ఒక్కరోజు పరుగెత్తి గెలిచే వ్యవహారం కాదు. చలి తగ్గాక మొదలుపెట్టి, మళ్ళీ చలి ముదిరేలోగా పది పందాలు పెడతారు. ఒకటి పార్కులో, ఒకటి చెరువు చుట్టూ, ఒకటి పెద్ద వంతెన ఎక్కి దిగేది. ప్రతి పందెంలోనూ ఆడవాళ్ళలో మొదట వచ్చినావిడకి యాభై పాయింట్లు, తరవాతి ఆవిడకి నలభై తొమ్మిది, ఆపైన నలభై ఎనిమిది. అలా మెట్లు దిగినట్టు దిగుతాయి. మేం ముప్ఫైమందిమి ఉంటాం గనక ఆఖర్న వచ్చిన మనిషికీ ఇరవై ఒకటి దక్కుతాయి. రాని మనిషికే సున్న. పదింటిలో ఎవరికి వాళ్ళకి బాగా వచ్చిన ఆరు పందాలే లెక్కలోకి తీసుకుంటారు, తక్కినవి వదిలేస్తారు. మనుషులన్నాక జ్వరాలూ చుట్టాలూ డ్యూటీలూ ఉంటాయి కదా అని. కానీ ఆరు పూర్తి చెయ్యకపోతే పట్టికలో పేరే ఉండదు. పైగా ఏడాదిలో ఒక్క పందేనికైనా అందరికీ సాయం చెయ్యాలి. మలుపు దగ్గర జెండా పట్టుకోవడమో నీళ్ళు అందించడమో, ఏదో ఒకటి. "వేగం దేవుడిచ్చేది, రావడం మనం చేసేది. మేం రెండోదానికే ఎక్కువ మార్కులేస్తాం" అంటారు పంతులుగారు.

మరి కనబడకుండా ఎలా పరుగెత్తుతావంటావా. దానికో మనిషిని ఇచ్చారు. సిటీ బస్సు నడుపుతుంది, అందరూ డ్రైవరమ్మ అంటారు. ఒక మెత్తటి పట్టీకి ఒక కొస ఆమె పట్టుకుంటుంది, రెండో కొస నేను పట్టుకుంటాను. భుజం భుజం రాసుకుంటూ పరుగు. ఆమె నోరు ఊరుకోదు. "ఎడం పక్కకి మలుపు, మెల్లగా, మెల్లగా, అయిపోయింది. ముందు గతుకు, కాలెత్తు. ఎవడో కుక్కని తిప్పుతున్నాడు, కుక్కే వాణ్ణి తిప్పుతోందిలే. చెరువులో ఇవాళ నీళ్ళు తగ్గాయి, తెల్ల కొంగలు మూడు, కాదు నాలుగు, ఒకటి మునిగి లేచింది." నన్ను టైపమ్మా అని పిలుస్తుంది. మొదటిరోజు భయంతో ఆ పట్టీని పీక నులిమినట్టు పట్టుకున్నాను. "టైపమ్మా, అది స్టీరింగు కాదు, వదులుగా పట్టుకో. నా బండిలో ఎక్కినవాళ్ళెవరూ ఇంతవరకూ కింద పడలేదు" అంది. ఎన్నేళ్ళయిందో తెలుసా వదినా, నా రెండు కాళ్ళూ ఒకేసారి నేల వదిలి? ఇంటికొచ్చి స్నానం కూడా చెయ్యకుండా మంచం మీద కూర్చుని చాలాసేపు ఊరికే నవ్వాను.

నేను చేరేసరికే రెండు పందాలు అయిపోయాయి. మూడోది పరుగెత్తాను, మొన్న నాలుగో పందేనికి పరుగు మాని సాయం చేశాను. గీత దాటుతున్నవాళ్ళ నంబర్లు ఒకాయన అరుస్తుంటే వరసగా టైపు చేశాను. ఒక్కటీ తప్పు పోలేదు. ఆడవాళ్ళలో మొట్టమొదట అరిచిన నంబరు డ్రైవరమ్మది. అప్పుడు గానీ నాకు తెలియలేదు, కిందటి రెండేళ్ళూ వరసగా కప్పు ఆమెదే. ఈ ఏడు కూడా గెలిస్తే కప్పు ఇక శాశ్వతంగా ఆమె ఇంటికే. నాతో ఒక్కసారీ ఈ మాట అనలేదు.

ఇంతకంటే ఏం కావాలి నాకు. అన్నయ్యకి చెప్పు, కాళ్ళు జాగ్రత్తగానే ఉన్నాయని.

నీ ఆడపడుచు

*

వదినా,

నీ ఫోను వచ్చినప్పుడు గొంతు బాగోలేదేమని అడిగావు. జలుబన్నాను. జలుబు కాదు. రాస్తేనే చెప్పగలను, అందుకని మళ్ళీ ఈ మిషను ముందు కూర్చున్నాను.

నిన్న ఏడో పందెం అయింది. డ్రైవరమ్మా నేనూ వంతెన ఎక్కి దిగాం. ఎక్కేటప్పుడు ఇద్దరం బూతులు తప్ప అన్నీ తిట్టుకున్నాం. ఆమె డ్యూటీకి పరుగెత్తింది. మిగతావాళ్ళం టీ కొట్టు దగ్గర చేరితే పంతులుగారు ఇప్పటిదాకా ఎవరికెన్ని పాయింట్లో చదివారు. మొదట పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ ఎప్పుడూ డ్రైవరమ్మ వెనకే వస్తూ ఉండేదట. తరవాత ఎవరో, ఎవరో. డ్రైవరమ్మ పేరు ఎంతకీ రాదు. చివరికి నేనే అడిగాను.

"ఆవిడకి ఇప్పటికి మూడు పందాలే కదమ్మా ఉన్నవి" అన్నారు పంతులుగారు.

"మూడేమిటి, నాతోనే నాలుగు పరుగెత్తింది."

"అవి మీవి. తోడు పరుగెత్తడం సాయం కిందకి వస్తుంది, దానికి పాయింట్లుండవు. ఆ నంబరు మీదొక్కరిదే."

ఎవరో నా గ్లాసులో ఇంకొంచెం టీ పోశారు.  ఇద్దరం కలిసే గీత దాటుతున్నాం, ఇద్దరికీ వస్తున్నాయనుకున్నాను. నా పక్కన నత్తలా పరుగెత్తినందుకు ఆమెకి తక్కువ వస్తున్నాయేమో అని అప్పుడప్పుడు నొచ్చుకునేదాన్ని. అసలేమీ రావడం లేదని ఎవరూ చెప్పలేదు. ఇక మిగిలినవి మూడే పందాలు. ఆ మూడూ తన కోసం తను పరుగెత్తితేనే ఆమెకి ఆరు పూర్తవుతాయి. ఒక్కటి నాకిచ్చినా పట్టికలో పేరు కూడా ఉండదు. మూడోసారి కప్పు మాట అటుంచు. వెళ్ళేముందు ఏమందో తెలుసా? "వచ్చే పందేనికి కొత్త దారి టైపమ్మా, కంటినిండా నిద్రపోయిరా" అంది.

అందుకని ఇవాళ పొద్దున ఫోన్ చేసి, మోకాలు పట్టేసింది, ఇక ఈ ఏడాదికి నా వల్ల కాదని చెప్పేశాను.  "సరే, విశ్రాంతి తీసుకో" అంది. పెట్టేశాను. నా మోకాలు ఇనపముక్కలా ఉంది.

నువ్వు తిడతావు. తిట్టేముందు ఇంకోటి కూడా విను. ఇది రెండేళ్ళుగా కడుపులో దాచుకున్నది.

మీ ఇంట్లోంచి నేనెందుకు వచ్చేశానని నువ్వు ఎన్నిసార్లు అడిగావో. మంచి ఉద్యోగం దొరికిందన్నాను. ఉద్యోగం దొరికిన మాట నిజమే, కానీ వెతకడం ఎందుకు మొదలుపెట్టానో చెప్పలేదు. చూపు పోయిన కొత్తల్లో నన్ను నీ దగ్గరికి తెచ్చుకున్నావు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ అర్ధమొగుడికి అన్నం ఎక్కడుందో, కూర ఎక్కడుందో గడియారం ముళ్ళ లెక్కన చెప్పి తినడం మళ్ళీ నేర్పావు. గోడ పట్టుకుని నడుస్తుంటే, "గోడ ఎక్కడికీ పోదు, వదిలెయ్" అని పిల్లల చేత వరండాలో కేరింతలు కొట్టించి, ఆ చప్పుడు పట్టుకుని నడిపించావు. అన్నయ్య రక్తం గనక చేస్తాడు. నువ్వు ఎందుకు చెయ్యాలి?

ఒకరోజు సాయంత్రం నువ్వు వంటింట్లో ఫోన్ మాట్లాడుతున్నావు. మీ పార్లరు ఓనరు ఊరవతల రెండో షాపు తెరుస్తోంది, దాన్ని నిన్ను చూసుకోమంటోంది. పదిహేనేళ్ళుగా అక్కడ కత్తెర పట్టావు. ఆ షాపు నీకు కాక ఎవరికి రావాలి? నువ్వు అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తు. "లేదండీ, ఇంట్లో మా ఆడపడుచు ఉంది. ఆ పిల్లని వదిలి అంతదూరం కుదరదు." తరవాత ఏమీ జరగనట్టు వచ్చి నా జుట్టు దువ్వావు. ఆ దువ్వెన నా తలలో తిరుగుతున్నంతసేపూ నేను ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను. ఆ మర్నాటి నుంచే ఉద్యోగానికి అర్జీలు పెట్టడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మళ్ళీ అదే. నన్ను పట్టుకున్న చెయ్యల్లా ఏదో ఒకటి వదులుకుంటోంది. నాకు అన్నీ ఇస్తున్నారు వదినా, ఆ ఇచ్చేవాళ్ళకేం మిగులుతోందో నాకు కనబడదు. పట్టిక ఎవరైనా పైకి చదివితే తప్ప తెలియదు. నాకు మీమీద కోపం లేదు. రుణపడి ఉన్నాను, అది తప్ప ఇంకేం లేదు. డ్రైవరమ్మ కప్పు గెలిస్తే దూరం నుంచి చప్పట్లు కొడతాను. ఏడవకు.

నీ ఆడపడుచు

*

అమ్మాయ్,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. షాపులో చీటీ మీద "తలకి రంగు, గంట" అని రాయడం తప్ప కలం పట్టి ఏళ్ళయింది. మీ అన్నయ్యని రాయమంటే "మీ ఇద్దరి గొడవలో నన్ను దూర్చకు" అన్నాడు. నీ యంత్రానికి నా చేతిరాత చదవడం రాదు గనక ఎవరిచేతనైనా చదివించుకో. ఎవరు చదివినా సరే, సిగ్గుపడేదేమీ లేదు. సిగ్గుపడితే నేనే పడాలి.

నీ ఉత్తరం చదివి ఏడవలేదు. ఒళ్ళు మండింది. ఆ షాపు నాకు అక్కర్లేదు. వినిపించిందా? అక్కర్లేదు. నలుగురు అమ్మాయిల్ని వేసుకుని, ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు షాంపూ ఎక్కువ పోశారు అని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అజమాయిషీ చెయ్యడం నా వల్ల అయ్యే పనా? ఇంట్లో మీ అన్నయ్య ఒక్కడితోనే చాలడం లేదు. కానీ ఆ ఓనరమ్మ నాకు పని నేర్పిన మనిషి, మొహం మీద వద్దని ఎలా అంటాను? ఎదురుగా నువ్వున్నావు, నీ పేరు వాడుకున్నాను. అంతకంటే మంచి సాకు ఏ మనిషికైనా దొరుకుతుందా? నువ్వు వెళ్ళిపోయాక ఆవిడ మళ్ళీ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నీ పేరే చెప్పాను. నువ్వు ఇంకా మా ఇంట్లోనే ఉన్నావని ఆవిడ నమ్మకం. ఇప్పటికీ కలిస్తే "పాపం మీ ఆడపడుచు ఎలా ఉంది" అని అడుగుతుంది, నేను తలూపుతాను.

దీనికి నవ్వాలో ఏడవాలో నువ్వే తేల్చుకో. నేను మాత్రం రెండేళ్ళు ఏడ్చాను. నేనేం అన్నాను, పిల్లలేం అన్నారు, కూరలో కారం ఎక్కువైనరోజు నేను విసుక్కున్నది విందా అని. నువ్వు వెళ్ళినరోజు రైలు కదిలాక మీ అన్నయ్య "నువ్వేమైనా అన్నావా" అని అడిగాడు. ఆ ఒక్కమాటకి ఆయనతో వారం మాట్లాడలేదు. ఒక్క ప్రశ్న, అమ్మాయ్. "వదినా, నా వల్ల ఆ షాపు పోయిందా" అని ఒక్క ప్రశ్న నువ్వు అడిగి ఉంటే ఇద్దరం ఆ రాత్రే నవ్వుకుని పడుకునేవాళ్ళం.

చూపు పోయినంత మాత్రాన ఎదుటివాళ్ళ మనసులో ఏముందో నీకు తెలిసిపోతుందని ఎవరు చెప్పారు? నీ అంతట నువ్వు తీర్పు చెప్పేసి, శిక్ష కూడా నువ్వే వేసేసుకుని వెళ్ళిపోతావు. మాకు నోరుంది. అడిగితే చెబుతాం. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు మధ్యాహ్నం పూట మాట్లాడ్డానికి మనిషి ఉండేది. నాకు ఏం మిగిలిందని అడిగావు కదా, అదీ మిగిలింది.

ఆ బస్సు నడిపే ఆవిణ్ణి వెళ్ళి అడుగు. ఫోన్లో కాదు, ఎదురుగా. ఆవిడ నిజంగానే నీ వల్ల నష్టపోయానంటే అప్పుడు మోకాలు పట్టుకుని కూర్చో.

మీ వదిన

*

వదినా, నా బంగారు వదినా,

నీ ఉత్తరం నాకు చదివి వినిపించింది పంతులుగారే. మందుల షాపులో, బేరాలు ఆగిన సమయంలో. "ఇంట్లో మీ అన్నయ్య ఒక్కడితోనే చాలడం లేదు" దగ్గర ఆయన నవ్వాపుకోలేక మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. "అడిగితే చెబుతాం" దగ్గరికొచ్చేసరికి మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివారు.  నాకు గుండెల మీంచి ఎవరో బండ దించినట్టయింది. అదే క్షణంలో నీ రెండేళ్ళ ఏడుపంతా నా మీదకి వచ్చి కూర్చుంది. దానికి క్షమాపణ ఉత్తరంలో చెప్పేది కాదు.

అప్పటికే ఎనిమిదో పందెం అయిపోయింది. డ్రైవరమ్మే గెలిచిందని విన్నాను. నీ ఉత్తరం విన్న మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె బస్సే ఎక్కాను. ముందు సీట్లో కూర్చుని చివరి స్టాపు దాకా వెళ్ళాను. జనం దిగిపోయారు. ఇంజను ఆపింది. ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు, మూతలోకి టీ పోసిన చప్పుడు. మూత నా చేతిలో పెట్టింది.

"మోకాలెలా ఉంది?"

"పరవాలేదు."

"ఏ మోకాలు?"

"కుడిది."

"మొన్న ఎడమదన్నావు" అంది.

ఇక దాచడానికేముంది. పట్టిక సంగతి, కప్పు సంగతి, ఆమె పాయింట్లన్నీ నేను తినేశానన్న సంగతి అన్నీ చెప్పేశాను. నీ ఉత్తరంలో నువ్వు చెప్పినట్టే అడిగాను కూడా. "నా వల్ల నువ్వు నష్టపోయావా?"

 ఆమె సీటు కిర్రుమంది, నా వైపు తిరిగింది.

"టైపమ్మా, నేనేమైనా త్యాగమూర్తిలా కనిపిస్తున్నానా నీకు? ఓహో, నీకు కనిపించను కదా. పదింటిలో ఎన్ని లెక్క?"

"ఆరు."

"మిగతా నాలుగు?"

"వదిలేస్తారు."

"నీతో ఎన్ని పరుగెత్తాను?"

"నాలుగు."

"ఆ నాలుగూ నీకని నువ్వు చేరినప్పుడే అనుకున్నా. చివరి మూడూ నావి. ఆ మూడింటికీ నీకు తోడుగా పంతులుగారిని మాట్లాడి పెట్టాను. ఆదివారం పార్కులో నేనే చెబుతాను, మీరు అనకండని ఆయనకి చెప్పి నేను చూస్తుంటే నువ్వు మోకాలు పట్టుకొచ్చావు. ఒట్టి సాకని ఫోన్లోనే తెలిసింది. నాతో విసుగొచ్చిందేమో, పైకి చెప్పలేక అంటున్నావేమో అనుకుని ఊరుకున్నాను."

అదీ సంగతి. నీలాగే ఆమె కూడా నేను వదిలిపోయానని బాధపడి, నాలాగే అడక్కుండా ఊరుకుంది. ఈ రోగం నా ఒక్కదానికే కాదన్నమాట.

"మరి నేను లేకపోతే ఇంకా తేలికయ్యేది కదా నీకు" అన్నాను, ఇంకా నమ్మకం కుదరక.

"అయ్యేది. నేను నీతో పరుగెత్తిన రోజుల్లో పళ్ళ డాక్టరమ్మకి మొదటి చోటు దక్కింది. ఆ లెక్క కూడా వేసుకునే వచ్చాను. చిన్నపిల్లనా?"  తరవాత మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "రెండేళ్ళు గెలిచాను. పందెం ముందురోజు అన్నం సయించేది కాదు. పరుగు మొదలైందా, వెనక ఎవరి అడుగులు వినిపిస్తున్నాయా అని అదొక్కటే ధ్యాస. ఆ చెరువు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, అక్కడ కొంగలున్నాయని నాకు తెలియదు. నీకు చెప్పాలంటే నేను చూడాలి కదా. ఈ ఏడాది నాకు గుర్తున్న పరుగులేమైనా ఉంటే ఆ నాలుగే. కప్పు వద్దని కాదు. కప్పూ కావాలి, అదీ కావాలి."

బస్సు కదిలే వేళయింది. ఎవరో ఎక్కారు. ఇంజను స్టార్టు చేసి, "కూర్చో, ఇంటి దగ్గర దింపుతాను. రోజూ తిరిగే దారే" అంది. దారి పొడుగునా బయట ఏముందో చెబుతూనే ఉంది. ప్రయాణికులు వింతగా చూసి ఉంటారు.

తొమ్మిదోదీ పదోదీ పంతులుగారితో పరుగెత్తాను. నేను ఎనిమిదోది మానడంతో ఈ రెండూ పూర్తి చేస్తే గానీ నాకు ఆరు కావు. ఆయన మంచివాడు గానీ తోడుగా మాత్రం డ్రైవరమ్మ కాలిగోటికి చాలడు. మలుపు దాటాక "మలుపండీ" అంటాడు. ఆఖరి పందెంలో సగం దారిలో ఆయాసంతో మాట పడిపోయింది. ఎటు పోతున్నామో తెలియక, "పంతులుగారూ, ఉన్నారా" అని నేనే పిలుస్తూ, ఆయన్ని ఉత్సాహపరుస్తూ లాక్కొచ్చాను. గీత దగ్గర జనం గొంతులు వినిపించాయి. అందరికంటే పైగా డ్రైవరమ్మ గొంతు. తన పరుగు ముగించుకుని, బస్సు హారన్ లాంటి గొంతుతో దారి చెబుతోంది. ఆ గొంతు పట్టుకుని వచ్చేశాం. ఆడవాళ్ళలో ఆఖరి నుంచి రెండోదాన్ని. పట్టికలో నా పేరుంది వదినా. ఇరవై మూడో చోట. పంతులుగారు ఇంకా ఆయాసపడుతూనే చదివారు, నేను రెండుసార్లు చదివించుకున్నాను.

కప్పు డ్రైవరమ్మకి రాలేదు. తొమ్మిదోది గెలిచింది గానీ, ఆఖరిదాంట్లో పళ్ళ డాక్టరమ్మా, కొత్తగా చేరిన ఒక కాలేజీ అమ్మాయీ ఆమెని దాటేశారు. మొత్తం మీద ఒక్క పాయింటు తేడా. ఆ మాట విన్నప్పుడు నా తల దానంతట అదే పనిచెయ్యడం మొదలుపెట్టింది. నాతో పరుగెత్తిన ఆ నాలుగు రోజుల్లో తనకోసం తను పరుగెత్తి ఉంటే ఆ డాక్టరమ్మకి అన్ని యాభైలు ఎక్కడివి? "నా వల్లే" అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఆమెనే అడిగాను.

"బాధగా ఉందా?"

"ఉంది" అంది. "బాగానే ఉంది. సాయంత్రానికి తగ్గుతుంది. ఆకలి కూడా వేస్తోంది. రెండేళ్ళలో పందెం రోజు నాకు ఆకలెయ్యడం ఇదే మొదలు. పద, ఏమైనా తిందాం."

పళ్ళ డాక్టరమ్మ కప్పు పట్టుకుని మా బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంది. ఆవిడ కూడా మంచిదే. నా దవడ పన్ను ఒకటి చూస్తానంది. పంతులుగారితో కలిపి నలుగురం కడుపునిండా తిన్నాం. ఎవరి గొంతులోనూ పుల్లవిరుపు లేదు. వింటూ కూర్చున్నాను. ఇంతమంది నన్ను పట్టుకుని ఉన్నారు, ఇందులో ఎవరి చెయ్యీ నొప్పిపెట్టడం లేదు, పెట్టినా నోరు తెరిచి చెబుతారు. ఇది తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా మొహాన నిజం కొట్టినట్టు రాసినందుకు నీకూ, టీ మూత చేతిలో పెట్టి "ఏ మోకాలు" అని అడిగినందుకు ఆమెకీ, మెడనొప్పికి మాత్రలు అమ్మనందుకు పంతులుగారికీ ఎలా చెప్పుకోను నా కృతజ్ఞత? చెప్పుకోవడం చేతకాక ఇంత రాశాను.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతున్నాను. నాకు నెలరోజులు సెలవు మిగిలి ఉంది. మీ ఇంటికి రానా? పిల్లల పరీక్షలుంటే, నీకు షాపులో పని ముమ్మరంగా ఉంటే, ఇంటినిండా వేరే చుట్టాలుంటే కుదరదని చెప్పు. రమ్మనాలనిపిస్తే రమ్మను. ఏదైనా సరే, నువ్వు చెప్పేదాకా నా అంతట నేను ఏమీ అనుకోను.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ ఆడపడుచు